వీపుతో చూసిన వేసవి విడిది

టూరు బస్సు ఎక్కగానే మన చేతిలో పెట్టే కాగితాన్ని ఎవరూ సాహిత్యంగా గుర్తించరు. నేను గుర్తిస్తాను. మొన్న మే నెలలో గుంటూరు నుంచి నాలుగు కుటుంబాలం కలిసి బెంగళూరు, మైసూరు, ఊటీ యాత్రకు బయల్దేరాం. ఆ కాగితంలో మూడోరోజు కింద ఇలా ఉంది: శ్రీరంగపట్నంలో రంగనాథస్వామి దర్శనం ముప్పావుగంట, దరియా దౌలత్ అరగంట, గుంబజ్ పావుగంట, భోజనం గంట, పట్టుచీరల దుకాణం గంటన్నర. అంటే టిప్పు సుల్తాను వేసవి విడిది, అందులోని బొమ్మలు, చుట్టూ తోట, ఆయన సమాధి, పక్కనే ఆయన తల్లిదండ్రుల సమాధులు అన్నీ కలిపి ముప్పావుగంట. చీరలకు సరిగ్గా దానికి రెట్టింపు. ఆ కాగితం రాసినవాడెవడో గాని, మనమెవరమో వాడికి క్షుణ్ణంగా తెలుసు.

ముందురోజు బెంగళూరులో ఉన్న రెండో వేసవి విడిదిని కూడా "చూశాం". హైదర్ అలీ మొదలుపెట్టగా కొడుకు టిప్పు 1791లో పూర్తి చేయించిన టేకు కర్ర మహల్ అది. దానికి ఆయన పెట్టుకున్న పేరు రష్క్-ఎ-జన్నత్, స్వర్గానికే కన్నుకుట్టేది అని. స్వర్గం సంగతేమో గాని ఈస్టిండియా కంపెనీ సేనాని కారన్‌వాలిస్‌కు మాత్రం కుట్టింది. అదే ఏడు మార్చిలో వచ్చి బెంగళూరు కోట పట్టుకున్నాడు. ఇదంతా నేను సీట్లో కూర్చుని చెబుతుండగానే మా బస్సు కె.ఆర్. మార్కెట్ రద్దీలో ఇరుక్కుంది. క్లీనరు కిటికీలోంచి చేయి చాపి "అదిగో, ఆ వైపే టిప్పు ప్యాలెస్" అన్నాడు. బస్సులో ఉన్న నలభైమందీ ఆ వైపు చూశారు. అరటి గెలల లారీ కనిపించింది. చూసిన జాబితాలో ఒకటి చేరింది.

వేసవి విడిది అంటే మండుటెండల్లో ఒంటికి ఎండ తగలకుండా ఉండేందుకు రాజులు కట్టుకున్నది. వెడల్పాటి వసారాలు, టేకు స్తంభాలు, చుట్టూ చెట్లు, వెనకే కావేరి. దాన్ని చూడ్డానికి మనం ఎంచుకునే నెల మే. ఎందుకంటే పిల్లలకు సెలవులు. ఎంచుకునే వేళ మధ్యాహ్నం ఒంటిగంట. ఎందుకంటే పొద్దున్నే బస్సు బయల్దేరే వేళకు మా పెద్దత్తయ్యకు ఇంకో కాఫీ పడాలి. చరిత్రలో ఈ వేళను మనకంటే ముందు ఎంచుకున్నది ఒక్క ఈస్టిండియా కంపెనీయే. ఎండవేళ కోట కాపలావాళ్లు అన్నాలు తిని నడుం వాలుస్తారని లెక్కవేసుకుని, 1799 మే 4న సరిగ్గా ఒంటిగంట ప్రాంతంలో శ్రీరంగపట్నం మీద పడ్డారు. టిప్పు ఆరోజే చనిపోయాడు. ఆ తర్వాత ఏటా అదే నెలలో, అదే వేళకు ఆ ఊరి మీద పడుతున్నది మనమే. వాళ్లకూ మనకూ తేడా ఒకటే: వాళ్లు ఏం కావాలో తెలిసి వచ్చారు.

దరియా దౌలత్ గేటు దాటగానే తిన్నటి దారి, రెండు పక్కలా పచ్చిక, ఈటెల్లా నిటారుగా నిలబడిన చెట్లు. దారి చివర ఎత్తు అరుగు మీద నలుచదరపు కట్టడం. దాని చుట్టూ పైనుంచి కిందిదాకా పచ్చని తెరలు. లోపల గోడలనిండా రంగుల బొమ్మలున్నాయి, ఎండ తగిలితే వెలిసిపోతాయి కాబట్టి వేలాడదీసిన తెరలవి. కాని దూరం నుంచి చూస్తే మాత్రం సున్నం వేయిస్తూ పట్టాలు కట్టిన పెళ్లివారిల్లులా ఉంటుంది.

"ఇదేనా?" అన్నారు మా బావగారు. యాత్ర ఖర్చుల పుస్తకం ఆయన దగ్గరే ఉంది కాబట్టి ఆ ప్రశ్నకు ఆర్థిక గాంభీర్యం కూడా ఉంది. "దీనికా పాతిక రూపాయల టిక్కెట్టు? రిపేరు నడుస్తున్నట్టుందే!"

తప్పు ఆయనది కాదు. ప్యాలెస్ అంటే ఎలా ఉండాలో మనకు మైసూరు నేర్పింది. 1912లో పూర్తయిన ఆ మహల్‌కు హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిష్ వాస్తుశిల్పి గోపురాలు పెట్టాడు. ఆదివారం సాయంత్రం లక్షకు దగ్గరగా బల్బులు వెలుగుతాయి. ప్యాలెస్ అంటే వెలగాలి. దరియా దౌలత్ వెలగదు. 1784లో కట్టిన మనిషి దాన్ని లోపల కూర్చుని చల్లబడటానికి కట్టుకున్నాడు గాని, రోడ్డు మీద నిలబడి నోరు తెరవడానికి మన కోసం కట్టలేదు.

లోపలికి వెళ్లాక అసలు గండం ఎదురైంది. ఫొటోలు తీయరాదని బోర్డు. నలభైమంది ముఖాల్లో ఒకేసారి కరెంటు పోయింది. మా తోడల్లుడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడు చాలా నిజాయితీగా అడిగాడు: "మరి లోపలికెందుకు రానిస్తున్నారు బాబాయ్?" దీనికి నా దగ్గర జవాబు లేదు. ఫొటో తీయడానికి వీల్లేని వస్తువును చూడటమనేది, రశీదు ఇవ్వని హుండీలో వెయ్యి రూపాయలు వేయడంలాంటిది. వేశామని ఎవరు నమ్ముతారు? స్టేటస్‌లో పెట్టలేనిది, గ్రూపులో పడనిది, తోడికోడలికి పంపలేనిది కళ్లలో పడితే మాత్రం లాభమేమిటి? జేబులో ఫోను ఉండీ తీయకుండా నిలబడిన ఆ చేతులు, తాంబూలం అందని పేరంటాళ్ల చేతుల్లా ఖాళీగా, అవమానంగా వేలాడాయి.

ఇక గైడు. ఆయన తెలుగు, కన్నడం, హిందీ కలిపి చెప్పిన పాఠం ఏడు నిమిషాలు. అందులో మావాళ్లు శ్రద్ధగా విన్నది ఒక్క ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న అడిగింది మా బావగారే. "సొరంగం ఎక్కడుందయ్యా?"

తెలుగువాడికి సొరంగం లేని కోట మీద నమ్మకం కుదరదు. గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగముందని చిన్నప్పుడు విన్నాం, మన పిల్లలకు చెబుతున్నాం. ఊళ్లో పాత గుడి ఉంటే పక్క ఊరి గుడికి సొరంగం. జమీందారు బంగళా ఉంటే నది దాకా సొరంగం. అందులో దిగి తిరిగి రాని మేకపిల్ల ఒకటి ప్రతి జిల్లాలోనూ ఉంది. ఈ లెక్కన దక్షిణాపథం నేల కింద మెట్రో మనవాళ్లు ఎప్పుడో పూర్తి చేశారు, పైన స్టేషన్లు కట్టడమే బాకీ. గైడు అనుభవజ్ఞుడు. ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "ఉంది సార్, మూసేశారు" అన్నాడు. సొరంగాలన్నీ అంతే. ఉంటాయి, మూసేస్తారు. బావగారు తృప్తిగా తల ఊపారు. పాతిక రూపాయలు గిట్టాయి.

సరిగ్గా ఆయన తల ఊపిన చోట, ఆయన వీపు వెనక, పడమటి గోడ ఉంది. ఆ గోడ మీద ఉన్నది గుంటూరు కథ.

నేను పరాచికానికి అనడం లేదు. ఆ గోడ మీద ఉన్నది 1780 సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూర్‌లో జరిగిన యుద్ధం. హైదర్, టిప్పు కలిసి కంపెనీ దండును ఊచకోత కోశారు. ఆ దండుకు నాయకుడు కర్నల్ విలియం బెయిలీ. అతను బయల్దేరిందెక్కడి నుంచి? గుంటూరు సర్కారు నుంచి. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉన్న గుంటూరును 1779లో కంపెనీ రాయించుకుంది. అన్నగారికి ఒళ్లు మండింది. హైదర్‌కు అంతకంటే మండింది. ఆ యుద్ధానికి ఉన్న కారణాల్లో మన ఊరొకటి. కంపెనీ పంపిన సైన్యం అక్కడే ఉండగా, హైదర్ ఆర్కాటు మీద విరుచుకుపడ్డాడనీ వెంటనే వచ్చి కంచిలో కంపెనీ సేనాని హెక్టర్ మన్రోతో కలవాలనీ బెయిలీకి కబురొచ్చింది. నడిచాడు. దారిలో కుశస్థలి నది అడ్డమొచ్చింది. నీళ్లు తక్కువున్నాయి. సరే, రేపు దాటుదాం అని ఇవతలి గట్టునే గుడారాలు వేశాడు. రాత్రి వరద వచ్చింది. దాటడానికి వారం పైనే పట్టింది. ఆ వారంలో టిప్పుకు కావలసినంత సమయం దొరికింది. రేపు చూద్దాం అనే మాటకు గుంటూరు దండు చెల్లించిన మూల్యం ఆ గోడ మీద ఎర్ర కోట్లలో చతురస్రంగా నిలబడి ఉంది.

మధ్యలో పల్లకీలో బెయిలీ, నోట్లో వేలు పెట్టుకుని. పైన మందుగుండు బండి పేలిపోతున్న మంట. ఓ పక్క దుర్భిణి కంటికి ఆనించుకున్న ఫ్రెంచి అధికారి. తలలు తెగిన గుర్రాలు, ఒకే అచ్చులో పోసినట్టున్న మీసాలు. వీటన్నిటి మధ్య టిప్పు, తోటలో షికారు కొచ్చినవాడిలా తాపీగా గులాబీ వాసన చూస్తూ. మరి కంచిలో ఉన్న హెక్టర్ మన్రో? బక్సర్ విజేత. కూతవేటు దూరంలో ఫిరంగుల మోత విని కూడా వేళకు చేరలేక, తన పెద్ద ఫిరంగులను గుడి కోనేట్లో పారేసి మద్రాసు దారి పట్టాడు. ఆ సైన్యంలోనే పంతొమ్మిదేళ్ల మరో మన్రో ఉన్నాడు, పేరు థామస్. ఈ మన్రోను రాయలసీమవాళ్లు ఇప్పటికీ మరచిపోలేదు. రెండు దశాబ్దాల తర్వాత దత్తమండలాల కలెక్టరుగా వచ్చినవాడు ఆయనే. ఆ దత్తమండలాల్లో చాలా భాగం టిప్పు దగ్గర గుంజుకుని నిజాముకిస్తే, నిజాము తిప్పి కంపెనీకి కట్టబెట్టినవి. మా బస్సులో అనంతపురం నుంచి ఎక్కిన కుటుంబం కూడా ఒకటుంది. వాళ్ల పట్టా పుస్తకం పుట్టుపూర్వోత్తరాలు ఆ గోడకు ఎదురుగా నిలబడి ఉన్నాయి. వాళ్లు అప్పుడు మంచినీళ్ల కుళాయి ఎక్కడా అని వెతుకుతున్నారు.

హైదరాబాదు బంధువులు మాత్రం తప్పించుకున్నామనుకోవద్దు. ఆ గోడ మీద నిజాము సైన్యం కూడా ఉంది, అంతా అయిపోయాక తీరిగ్గా వస్తూ. గీసినవాడు దాని ముందు ఓ ఆవునూ ఓ పందినీ పెట్టాడనీ, ఆవులా వచ్చి పందిలా పారిపోయాడని దాని భావమనీ అక్కడ చెబుతుంటారు. ఎవరి పక్షాన వచ్చాడన్నది అటుంచితే, ఆ ఆలస్యానికి ఖరీదు కూడా గుంటూరే. నిజాము హైదర్‌తో జట్టు కట్టకుండా ఉండేందుకు కంపెనీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ వాడిన ఎర, గుంటూరును తిరిగి ఇప్పిస్తానన్న మాట. మొత్తానికి మా ఊరు ఆ గోడ మీద రెండుసార్లుంది, ఒకసారి ఎర్ర కోటులో, ఒకసారి నిజాము ఆలస్యంలో. మా ఊరివాళ్లేమో ఆ గోడకు వీపు పెట్టి సొరంగం గురించి వింటున్నారు.

నేను చూపించబోయాను. "బావగారూ, ఇటు తిరగండి, ఇది మనదే." ఆయన తిరిగారు. కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా చూశారు. "బాగా గీశాడు" అన్నారు. గడియారం చూసుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, ఆ గోడను సరిగ్గా చూసిందెవరు? నవ్వు రాకపోతే కన్నీళ్లు రావాల్సిన సంగతి ఇది. 1799 ముట్టడికి ముందు ఆ బొమ్మలు చెరిపేసి ఉన్నాయి. ఊరు పడిపోయాక కోటకు అధికారిగా వచ్చి దరియా దౌలత్‌లో కాపురం పెట్టినవాడు ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాత వెల్లింగ్టన్ ప్రభువై వాటర్లూలో నెపోలియన్ను ఓడించినవాడు. తన జాతి చావుదెబ్బ తిన్న బొమ్మ అది. గోకించి పారేయొచ్చు. పారేయకపోగా మళ్లీ గీయించాడు. తర్వాత ఎవరో సున్నం కొట్టేశారు. 1850ల్లో గవర్నర్ జనరల్ డల్హౌసీ వచ్చి, పాత బొమ్మలు గుర్తున్న చిత్రకారుణ్ణి పట్టుకుని మళ్లీ వేయించాడు. సంస్థానాలను మింగి త్రేన్చిన డల్హౌసీ! మనవాడు గీయించిన మన గెలుపును, ఓడినవాళ్లు రెండుసార్లు బతికించి పెట్టారు. ఇక మన వంతు అరగంట, అందులో ఏడు నిమిషాలు సొరంగానికి.

పొల్లిలూర్‌లో పట్టుబడి శ్రీరంగపట్నం చెరలో మూడున్నరేళ్లకు పైగా గడిపిన డేవిడ్ బెయిర్డ్ సంగతి మరీ రుచికరం. 1799లో కోట బద్దలు కొట్టిన దాడికి నాయకుడు అతనే. అలసి సొలసి టిప్పు మహల్లో పొద్దున్నే ఫలహారానికి కూర్చున్నాడో లేదో, వెల్లెస్లీ వచ్చి కాగితం చూపించాడు, ఇక ఇక్కడ అధికారి నేనని. వెల్లెస్లీ అన్నగారు గవర్నర్ జనరల్. రెక్కలు ముక్కలు చేసుకున్నవాడొకడు, కుర్చీలో కూర్చునేవాడు ఇంకొకడు అనే మన ఆఫీసుల సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఇదే గైడు చెప్పి ఉంటే రెవెన్యూలో పనిచేసి రిటైరైన మా బావగారు ఆ గోడ దగ్గర్నుంచి కదిలేవారు కాదు. కాని ఆయన సొరంగం అడిగారు, సొరంగమే దొరికింది.

ఇంకో మాట. ఆ గోడ బొమ్మకు కాగితం మీద గీసిన పాత ప్రతి ఒకటి, పది పెద్ద తావులు, ముప్పై రెండడుగుల పొడవు, 2022లో లండన్ వేలంలో ఆరు లక్షల ముప్పైవేల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆ డబ్బు ఇచ్చినవాడు దాన్ని ఎంతసేపు చూస్తాడో తెలియదు గాని, ఖర్చుల పుస్తకం పట్టుకున్న మా బావగారికి ఈ సంగతి చెప్పాక ఆయన రెండోసారి వెనక్కి తిరిగి చూసిన మాట వాస్తవం. దూరం నుంచి, కొలతలు వేస్తున్నట్టుగా.

బస్సులో మరో తెగ ఉంది. వీళ్లు సొరంగం అడగరు. వీళ్లు తీర్పు ఇంట్లోంచే కట్టుకొస్తారు, పులిహోరతో పాటు. ఒకాయనకు టిప్పు దేవుడు, ఒకాయనకు రాక్షసుడు. మాండ్య దాటినప్పటి నుంచి ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. సరిగ్గా దరియా దౌలత్ వచ్చేసరికి గొంతులు బొంగురుపోయి ఇద్దరూ లోపలికి రాలేదు, చెట్టుకింద కూర్చున్నారు. ఈ వాదంలో ఎవరి పక్షమూ వహించే ఓపిక నాకు లేదు. కాని ఒక మనిషి గురించి రెండు గంటలు అరుచుకుని, ఆ మనిషి తన గురించి తాను ఏమని గీయించుకున్నాడో వంద అడుగుల దూరంలో ఉంటే చూడకుండా పోయినవాళ్లను ఏమనాలి? పెళ్లికూతురు గుణగణాల మీద వీధరుగు మీద తగువాడి, పెళ్లికి వెళ్లకుండా భోజనాలకు వెళ్లినవాళ్లు.

భోజనాలకు ఇంకా పన్నెండు నిమిషాలుంది. కాబట్టి తోట. ఫోన్లు బయటికొచ్చాయి. ప్రాణాలు లేచొచ్చాయి. అందరూ పచ్చిక మీద మహల్‌కు వీపు పెట్టి నిలబడ్డారు. నిజానికి ఆ తోట అడుగడుగూ కథే. టిప్పుకు తోటల పిచ్చి. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ దగ్గరికి 1787లో దూతలను పంపితే, అడిగినవాటిలో సైన్యంతో పాటు విత్తనాలూ తోటమాలులూ కూడా ఉన్నారు. ఇదే ద్వీపం తూర్పు కొసన, ఇప్పుడు గుంబజ్ ఉన్న చోట, లాల్‌బాగ్ అనే ఇంకో తోట ఉండేది. 1792 ముట్టడిలో కారన్‌వాలిస్ సైన్యం దాని చెట్లు నరికి, కందకాలు పూడ్చే కట్టెల మోపులు కట్టుకుంది. సుల్తాను ప్రేమగా పెంచుకున్న చెట్లే సుల్తాను కోట మీదికి దారి వేశాయి.

"ఫౌంటెన్ లేదా?" అంది పెద్దత్తయ్య. ఆవిడకు తోట అంటే బృందావన్ గార్డెన్స్. రంగురంగుల నీళ్లు పాటకు ఎగరాలి, వెనక ఎన్టీఆరో ఏఎన్నారో కనిపించాలి. "సాయంత్రం చూద్దాం అత్తయ్యా" అన్నాను. "అయితే ఇక్కడికెందుకొచ్చాం?" అంది. ఈ యాత్రలో నేను విన్న ఒకే ఒక్క సూటి ప్రశ్న అదే. డ్రైవరు హారన్ కొట్టాడు. జవాబు చెప్పే బాధ తప్పింది.

చీరల దుకాణంలో గంటన్నర అన్నది రెండున్నర గంటలైంది. అక్కడ మాత్రం ఎవరూ వీపు పెట్టలేదు. ప్రతి చీర అంచునూ వెలుగులోకి లాగి, దారం దారం పట్టి చూసి, ఏ ఊరి మగ్గమో అడిగి, తిరగేసి వెనకవైపు కూడా చూశారు. అంత శ్రద్ధగా మనుషులు ఓ బొమ్మను చూడగలరని నాకు అప్పుడే తెలిసింది.

గుంటూరు తిరిగొచ్చిన వారానికి మా వీధిలో ఒకాయన వచ్చే నెల మైసూరు వెళ్తున్నాడని తెలిసి, మా బావగారు ఆయన్ని కూర్చోబెట్టుకుని వివరాలన్నీ చెప్పారు. రంగనాథస్వామి గుళ్లో క్యూ ఎటునుంచి తొందరగా కదులుతుందో, ఏ హోటల్లో సాంబారు పుల్లగా ఉంటుందో, చీరల్లో ఎంతకు మొదలుపెట్టి ఎంతకు దిగాలో. ఫోనులో ఫొటోలు చూపించారు. పచ్చిక మీద నలభైమందీ నవ్వుతున్నారు, వెనక పచ్చని తెరలు.

"ఇదేమిటండీ, వెనక?" అని అడిగాడాయన.

"టిప్పు గారి వేసవి విడిదిట" అన్నారు బావగారు. "మీరు ఓ నెల ఆగి వెళ్లండి. ఇంకా పని పూర్తయినట్టు లేదు."